ఖాళీ వరుస చెప్పిన జవాబు

జగన్మోహన్ పోయిన రోజు మధ్యాహ్నం ఉమ ఫోన్‌లో పచ్చ టిక్కు ఉంది.

ఆ సంగతి ఆమె తర్వాత చాలామందికి చెప్పవలసి వచ్చింది. పోలీసు అధికారికి, ఆస్పత్రిలో డాక్టరుకి, అపార్ట్‌మెంట్ ఆఫీసులో కూర్చునే అమ్మాయికి. ప్రతిసారీ అవే మాటల్లో చెప్పింది. లంచ్ వేళ యాప్ తెరిచాను, పచ్చగా ఉంది, మూసేసి క్లాసుకి వెళ్లాను. అంతకు మించి ఒక్క మాట కలపలేదు.

అమెరికాలో ఎడారి ఊరైన చాండ్లర్‌లో బళ్లు జులైలోనే తెరుస్తారు, ఎండ ఇంకా నెత్తిన కూర్చుని ఉండగానే. ఉమ అక్కడి హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. జగన్మోహన్ కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ ఇంజనీరు. పొద్దున ఆమె బయల్దేరే వేళకి ఆయన ఇల్లు చేరేవాడు. గుమ్మం దగ్గర నాలుగు మాటలు, సగం తాగిన కాఫీ కప్పు ఆమె చేతిలోంచి ఆయన చేతిలోకి. ఆ తర్వాత ఆయన పడకగది నల్ల తెరలు దించి, బీపీ మాత్ర వేసుకుని, ఫోను మోగకుండా పెట్టి పడుకునేవాడు. పిల్లలు లేని ఇల్లు. పగలంతా చడీచప్పుడు ఉండేది కాదు.

పగటిపూట ఆయనకు ఫోన్ చేయకూడదన్నది వాళ్లింటి కట్టుబాటు. కొత్తలో ఒకసారి, బాల్కనీలో కరివేపాకు మొక్కకి నీళ్లు పోశావా అని అడగడానికి ఉమ ఫోన్ చేసి లేపింది. ఆయనకు మళ్లీ నిద్ర పట్టలేదు. ఆ రాత్రి డ్యూటీలో కునికి, పై అధికారి చేత మాట పడ్డాడు. ఇంటికొచ్చి కోప్పడలేదు. "నీ మొక్క బతికే ఉంది. నా ఉద్యోగం కూడా ఉంది. రెంటికీ కాస్తలో తప్పింది" అని నవ్వాడు. ఆ తర్వాత ఉమ ఎప్పుడూ పగలు ఫోన్ చేయలేదు. చేయాలనిపించినప్పుడు యాప్ చూసుకునేది.

ఆ యాప్ అపార్ట్‌మెంట్ వాళ్లు ఇచ్చింది. ప్రతి గది గోడకీ తెల్లటి చిన్న బిళ్ల. అందులో సెన్సర్. గదిలో వేడెంత ఉందో అది ఎప్పటికప్పుడు పంపుతూ ఉంటుంది. అన్ని గదులూ బాగుంటే పచ్చ టిక్కు. ఏ ఒక్క గది వేడెక్కినా ఎర్ర గుర్తు, ఫోను మోత. "ఏసీ ఆగితే మీకంటే ముందు దానికే తెలుస్తుందక్కా" అని ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజు ఫణి చెప్పాడు. ఆ ఇల్లు చూపించిందీ అతనే.

ఆ రోజు పై అంతస్తుకి కరెంటు పోయింది. ఏసీ ఆగింది. సెన్సర్లు కూడా ఆగాయి. పడమటి గోడ మధ్యాహ్నమంతా ఎండకు కాగింది. ఉమ తలుపు తీసేసరికి ఇంట్లోంచి పొయ్యిమీది గిన్నె మూత తీసినట్టు ఆవిరి ముఖాన కొట్టింది. జగన్మోహన్ పక్కకు తిరిగి, ఎప్పుడూ పడుకున్నట్టే పడుకుని ఉన్నాడు. గుండె ముందునుంచే బలహీనం, నిద్రలోనే పోయి ఉంటారు అన్నాడు డాక్టరు.

కరెంటు సాయంత్రం వచ్చింది. ఆస్పత్రి నడవాలో ఉమ సంచిలో ఫోను మోగింది. తీసి చూస్తే ఎర్ర గుర్తు. పడకగది వేడిగా ఉంది, గమనించండి, అని ఉంది.

*

ఫణి ఆ యాప్ తయారుచేసిన కంపెనీలో పనిచేస్తాడు. చుట్టం కాడు. మాస్టర్స్ చదువుకునే రోజుల్లో ఎవరితోనో కలిసి ఒక ఆదివారం భోజనానికి వచ్చి, ఉమ చేసిన గోంగూర పప్పు మూడుసార్లు వడ్డించుకుని, వెళ్లేటప్పుడు "అక్కా, వచ్చే ఆదివారం కూడా రావచ్చా" అని అడిగాడు. అప్పటినుంచి ఆమె అక్క, జగన్మోహన్ బావగారు. దహనం రోజు కాగితాల మీద సంతకాల దగ్గర్నుంచి ఇండియాలో ఉన్నవాళ్లకు వీడియో పెట్టడం దాకా అన్నీ అతనే చూసుకున్నాడు.

ఉమ కంపెనీకి రాసింది. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమంది. మర్యాదగా జవాబు వచ్చింది. ఆ సమయంలో మీ ఇంట్లోని వ్యవస్థలన్నీ సవ్యంగా ఉన్నట్టు మా దగ్గర నమోదై ఉంది, మీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాం, అని.

అబద్ధం రాశారని ఆమె అనుకోలేదు. తన ఫోన్‌లో తనే చూసింది కదా. నమోదైంది అలాగే. అయితే అలా ఎందుకు నమోదైంది?

"ఫణీ, శనివారం ఇంటికి రా. లాప్‌టాప్ తెచ్చుకో" అంది.

ఫణి వచ్చాడు. వస్తూనే మొదలుపెట్టాడు. "అక్కా, మా లాజిక్‌లో తప్పు లేదు. నేనే రాశాను, నేనే టెస్ట్ చేశాను. సెన్సర్ వాళ్ల హార్డ్‌వేర్ ప్రాబ్లమ్ అయ్యుంటుంది."

"తప్పుందని నేను అన్లేదు. పచ్చ టిక్కు ఎలా వస్తుందో చూపించు. బోర్డు మీద లెక్క చేసినట్టు, ఒక్కో మెట్టు."

అతను డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచాడు. "మాది చాలా పాత భాషక్కా. అంతా వింత వింత గుర్తులే. ఒక్కో అంకెను పట్టుకుని తిప్పడాలుండవు, వరుస మొత్తం ఒకేసారి తీసుకుంటాం. ఇదిగో, నాలుగు గదుల టెంపరేచర్లు, ఫారెన్‌హీట్‌లో." 76 78 77 79 అని కొట్టాడు. "ఇవి తొంభై కన్నా తక్కువేనా అని అడుగుతా."

తెర మీద 1 1 1 1 వచ్చింది.

"అవునంటే ఒకటి, కాదంటే సున్నా. బూలియన్ అంటాం. వేరే భాషల్లో దానికి ట్రూ, ఫాల్స్ అని సెపరేట్ మాటలుంటాయి. ఇందులో ఉత్త అంకెలే. కూడొచ్చు, యావరేజ్ తీయొచ్చు. అదే దీని అందం..." అని నాలుక కరుచుకున్నాడు. "సారీ అక్కా."

"చెప్పు."

"ఇప్పుడీ గుర్తు పెడితే, అన్నీ ఒకట్లేనా అని చూస్తుంది." 1. "ఒక గదిని తొంభై ఏడు చేస్తా." 0. "చూశారా? ఎర్ర గుర్తు. కరెక్ట్‌గా పట్టేసింది."

"సెన్సర్ అసలు ఏ అంకే పంపకపోతే?"

"గత పావుగంటలో వచ్చినవే తీసుకుంటాం. రాని గదిని వదిలేసి మిగతావి చూస్తాం."

"ఏ గది నుంచీ రాకపోతే?"

ఫణి చేతులు కీబోర్డు మీద ఆగాయి. "అలా ఎందుకవుతుందక్కా, కనీసం ఒకటైనా..." అని, మధ్యలోనే మానేశాడు.

"వేసి చూడు" అంది ఉమ.

అతను ఖాళీ వరుస ఒకటి చేశాడు. యంత్రం ఒక వరుస పట్టేంత ఖాళీ చోటు వదిలి ఊరుకుంది. తొంభై కన్నా తక్కువేనా అని అడిగాడు. మళ్లీ ఉత్త చోటే. అన్నీ ఒకట్లేనా అని అడిగాడు.

1.

చెరిపి మళ్లీ కొట్టాడు. మళ్లీ 1. "బగ్ అక్కా. లాంగ్వేజ్‌లోనే బగ్ ఉంది. ఏమీ లేనిదానికి ఒకటి ఎలా ఇస్తుంది? వెండర్‌కి రిపోర్ట్ చేస్తా, వదిలిపెట్టను వాళ్లని..."

"బగ్ కాదు. ఒకటే రావాలి."

అతను తలెత్తి చూశాడు.

ఉమ క్లాసులో మాట్లాడే గొంతుతోనే చెప్పింది. "ఏటా పిల్లలకి చెబుతాను. ఈ గదిలో ఉన్న ఏనుగులన్నీ గులాబీ రంగువే. నిజమా, అబద్ధమా? అబద్ధం అని అరుస్తారు. అయితే గులాబీ రంగు కాని ఏనుగును చూపించండి అంటాను. చూపించలేరు. కాదనడానికి ఒక్కటైనా లేనప్పుడు ఆ మాట నిలుస్తుంది. ఒక వరుసను రెండు ముక్కలు చేశామనుకో. రెండు ముక్కల జవాబులూ కలిపితే మొత్తం జవాబు రావాలి. ఒక ముక్క ఖాళీ అయినా సరే రావాలి. ఖాళీ ముక్కకి సున్నా ఇచ్చావంటే, మంచి వరుసను కూడా అది పాడుచేస్తుంది. అందుకని ఒకటే. ఆ భాష చేసినవాళ్లకి లెక్కలు బాగా తెలుసు."

చెప్పడం అయ్యాక లేచి వెళ్లి, కాఫీకి పెట్టిన పాలు పొంగకముందే స్టవ్ ఆపేసింది.

"మరి తప్పెవరిదక్కా?" అన్నాడు ఫణి.

"ప్రశ్నది. ఎక్కడైనా తేడా కనిపించిందా అని అడిగావు. అది కనిపించలేదంది, నిజమే చెప్పింది. అసలు ఎవరైనా చూస్తున్నారా అని నువ్వు అడగలేదు."

ఫణి రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. ఉమ కాఫీ కలిపి అతని ముందు పెట్టింది. అలవాటు కొద్దీ రెండు కప్పులు కలిపి, రెండోది సింక్ పక్కన పెట్టేసింది.

*

"ఆ మధ్యాహ్నపు వరుస ఉందా?" అని అడిగింది కాసేపటికి.

ఉంది. ఫణి కంపెనీ డేటా తెరిచి, వాళ్ల ఇంటి నంబరు వెతికాడు. తెర నిండా ఒకట్లు. పొద్దున్నవి ఒకట్లు, మధ్యాహ్నానివి ఒకట్లు, ఆయన ఊపిరి ఆగిన ఆ ఫలానా క్షణం ఎక్కడుందో అక్కడా ఒకటే. సాయంత్రం కరెంటు వచ్చాక కొన్ని సున్నాలు. మళ్లీ ఒకట్లు.

"వీటితో ఇంకా ఏం చేస్తారు?"

"నెలాఖరుకి కూడి, యావరేజ్ తీసి, ఇంటి హెల్త్ స్కోర్ అని ఓనర్లకి పంపిస్తామక్కా."

"అంటే మీ బావగారు పోతున్న గంటలు మీ లెక్కలో బాగున్న గంటలు."

ఫణి కాఫీ కప్పు పక్కకు జరిపాడు.

"సెన్సర్లన్నీ చచ్చిపోయిన ఇంటికి నూటికి నూరు వస్తుంది. అవునా?"

"అవునక్కా."

"సరే. ఆ ఒకట్లు తీసి అక్కడ 'తెలియదు' అని పెట్టు. ఇందులో కాదు, పక్కన వేరే చేసి చూపించు."

"చోటు లేదక్కా. బూలియన్ అంటే ఒక్క బిట్. ఒకటో, సున్నానో. మూడోది పట్టదు."

"రెండు పెట్టు."

పెట్టాడు. యంత్రం కిక్కురుమనకుండా తీసుకుంది. "తీసుకుంటుంది కానీ, ఇక ఇది బూలియన్ కాదు. ఒక్క రెండు కోసం వరుస మొత్తం ఎనిమిది రెట్లు లావైపోతుంది. మా రిపోర్ట్‌లు ఒక్కటి కూడా చదవలేవు."

"అన్నీ ఒకట్లేనా అని అడుగు."

అడిగాడు. 2 అంది.

"రెండేమిటి?"

"సున్నా, ఒకటి కాని అంకె కనబడితే ఆ గుర్తు వేరే పని చేస్తుందక్కా. క.సా.గు. తీస్తుంది."

ఒకటి, ఒకటి, రెండు. క.సా.గు. రెండే. ఉమ పెదవులు కదిలాయి, అంతే. జగన్మోహన్ ఉంటే ఈ మాటకి కుర్చీలో వెనక్కి వాలి నవ్వేవాడు. మీ ఆరో క్లాసు లెక్క అమెరికాలో కూడా వదల్లేదు చూశావా, అనేవాడు.

సగటు తీసి చూశారు. రెండు పెట్టిన ఇల్లు నూటికి నూరు కన్నా ఎక్కువ ఆరోగ్యంగా తేలింది. మైనస్ ఒకటి పెడితే, తెలియకపోవడమే పెద్ద నేరమైనట్టు స్కోరు కిందకి జారింది. మూడు పెట్టారు, పెద్ద అంకె పెట్టారు. ఏది పెట్టినా అది అంకే. ఏదో ఒకటి చెబుతూనే ఉంది. ఏమీ చెప్పని అంకె దొరకలేదు.

"పక్కన ఇంకో కాలమ్ పెట్టొచ్చక్కా" అన్నాడు ఫణి చివరికి. "చూశామా, లేదా అని. అది సున్నా అయితే మొదటిదాన్ని నమ్మొద్దని."

"అయితే పెట్టించు. ముందు ముందు వాటికే కాదు. ఆ మధ్యాహ్నానికి కూడా. చూడలేదని మీ కంపెనీ రాయాలి. నాకింకేమీ అక్కర్లేదు."

"సోమవారమే మేనేజర్‌కి రాస్తానక్కా. బావగారి మీద ఒట్టు."

"ఆయన మీద వద్దు" అంది ఉమ.

*

ఫణి రాశాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. కొన్ని వారాలకు యాప్ కొత్తది వచ్చింది. ఇప్పుడు సెన్సర్లు పలకకపోతే టిక్కు బూడిద రంగులో వస్తుంది. అందులో ఏం మారిందో రాసిన చోట 'కొన్ని మెరుగులు దిద్దాం' అని ఒక్క ముక్క ఉంది. ఆ మధ్యాహ్నం ఊసు లేదు.

ఉమ మళ్లీ రాసింది. ఈసారి జవాబు లాయర్ల దగ్గర్నుంచి వచ్చింది. పాత సమాచారం ఏ రోజుది ఆ రోజు నమోదైనట్టే ఉంచడం తమ పద్ధతి అన్నారు.

దసరా వెళ్లాక ఒక సాయంత్రం ఫణి భార్య మనీషా వచ్చింది, ఒక్కతే. ఉమ అప్పటికి వేరే ఇంటికి మారింది, కింది అంతస్తుకి. మనీషా డబ్బాలో పులిహోర తెచ్చి బల్ల మీద పెట్టి, నిలబడే మాట్లాడింది.

"అక్కా, కోపం చేసుకోవద్దు. ఫణి రోజూ సరిగ్గ నిద్ర పోతలేడు. మేనేజర్ పిలిచి అడిగిండట, బయటోళ్లకి డేటా ఎందుకు చూపించినవ్ అని. మా గ్రీన్ కార్డ్ పేపర్లు ఇప్పుడే ఫైల్ చేసిన్రు. గిప్పుడు జాబ్ పోతే అరవై రోజుల్ల ఇంకో జాబ్ దొరకాలె, లేదంటే సామాన్లు సర్దుకొని ఇండియాకి పోవాలె."

"కూర్చో మనీషా."

"కూర్చోనక్కా. మీరు లెటర్ రాసినప్పుడల్ల అక్కడ మా ఆయన పేరే వస్తున్నది. మీ అంత చదువుకున్నోళ్లకి నేను చెప్పేదేముంది? పోయిన బావగారైతే తిరిగి రారు గదా."

"రారు" అంది ఉమ. "తిరిగి రమ్మని నేను అడగలేదు. తెలియదని రాయమన్నాను."

"రాస్తే ఏమొస్తదక్కా?"

ఉమ దగ్గర దానికి జవాబు ఉంది. కానీ నిలబడి ఉన్న మనిషికి చెప్పే జవాబు కాదు అది. నేను పచ్చగా ఉందని చూసి క్లాసుకి వెళ్లాను. అది పచ్చదనం కాదు, ఖాళీ. ఆ సంగతి తెలిసినవాళ్లం నేను, ఫణి, నువ్వు, ముగ్గురం. ఆ ముగ్గురిలో ఒకడికి మరిచిపొమ్మని ఇంటా బయటా చెబుతున్నారు.

"పులిహోర బావుంటుంది నీ చేతిది" అని మాత్రం అంది.

మనీషా కళ్లు తుడుచుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఆ శనివారం ఫణి వచ్చాడు. గడ్డం పెరిగింది. "నన్ను వేరే టీమ్‌కి మార్చారక్కా. ఈ వీకెండ్ దాకే నాకు ఆ డేటా యాక్సెస్." లాప్‌టాప్ తెరిచి, ఆ మధ్యాహ్నపు వరుస తెచ్చి, ఆమె వైపు తిప్పాడు. "మీరే మార్చండి. ఒకట్లు తీసి సున్నాలు పెట్టేయండి. సున్నా అయితే పడుతుంది, ఎవరూ పట్టించుకోరు. పట్టుకున్నా నేను చేశానని చెబుతా. మనీషాకి ఏం చెప్పుకోవాలో నేను చూసుకుంటా."

"బాగా ఆలోచించుకునే వచ్చావా?"

"ఆలోచిస్తే రాలేనక్కా. అందుకే ఆలోచించలేదు."

ఉమ కుర్చీ దగ్గరికి లాక్కుంది. మొదటి ఒకటి మీద కర్సర్ గీత వెలుగుతూ ఆరుతూ ఉంది. వేలు సున్నా మీదికి వెళ్లింది. ఒక్క నొక్కు. ఆ మధ్యాహ్నం ఇక సవ్యంగా ఉండదు. నెల స్కోరు పడిపోతుంది. అది చాలదా అనిపించింది. చాలా రోజుల తర్వాత ఆమెకు మనసులో ఏదో వేడిగా కదిలింది.

వేలు నొక్కలేదు.

"సున్నా అంటే ఏమిటి ఫణీ?"

"అంటే... వేడిగా ఉందని."

"ఉందని ఎవరో చూశారని. చూసి, నా ఫోన్‌కి ఎర్ర గుర్తు పంపారని. అప్పుడు నేను ఎర్ర గుర్తు చూసి కూడా క్లాసుకి వెళ్లినట్టు అవుతుంది." చేయి వెనక్కి తీసుకుంది. "వాళ్లు చూడలేదు. నాకు చెప్పలేదు. ఒకటి ఎంత అబద్ధమో సున్నా కూడా అంతే అబద్ధం."

"మరి ఏం చేద్దామక్కా? ఈ రెండు రోజులు దాటితే ఇదీ ఉండదు."

"దొంగతనంగా మారిస్తే దొంగతనంగానే ఉండిపోతుంది. మారిందని నీకు, నాకే తెలుస్తుంది. వాళ్లు చూడలేదన్న సంగతి మనకి ఇప్పుడూ తెలుసు."

ఫణి లాప్‌టాప్ మూశాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "వచ్చే ఆదివారం రావచ్చా అక్కా" అని అడిగాడు, మొదటిసారి అడిగినట్టే. ఉమ రావచ్చంది. అతను రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

*

బళ్లో తర్కం పాఠం వచ్చింది. ఉమ ఎప్పటిలాగే అడిగింది, ఈ గదిలో ఏనుగులన్నీ గులాబీ రంగువే, నిజమా, అబద్ధమా? పిల్లలు ఎప్పటిలాగే అరిచారు, నవ్వారు. ఆమె ఎప్పటిలాగే బోర్డు మీద నిరూపించింది. మొదటి వరుసలో కూర్చునే నిధి ఒప్పుకోలేదు. ఇది మోసం మిస్, అసలు ఏనుగే లేదు కదా, అంది.

"మోసం కాదు. సరైనదే" అంది ఉమ. తర్వాత ఆ వాక్యం పైన, ఇన్నేళ్లలో ఎప్పుడూ రాయని మాట ఒకటి రాసింది. ముందు ఏనుగులు ఉన్నాయేమో చూడండి.

పిల్లలు అదీ రాసుకున్నారు.

ఆమె కంపెనీకి మళ్లీ రాసింది, ఈసారి ఫణి పేరు ఎక్కడా రాకుండా. జవాబు రాలేదు. పాత యాప్ ఇంకా ఆమె ఫోన్‌లో ఉంది. ఆ మధ్యాహ్నపు వరుసలో ఇప్పటికీ ఒకట్లే ఉన్నాయి. ఎవరూ చూడలేదన్న మాట ఇంకా ఎవరూ రాయలేదు.